ఆ లైను లూపులోదా, బయటదా? పైథాన్ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎటు తిరిగినా ఒక్కచోటికే చేరాయి: పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో లూపు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ముక్క) రాసేటప్పుడు ఏ లైను ఎంత లోపలికి ఉండాలి అన్న దగ్గరికి. అందుకే మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకి జరిపి, పేజీలన్నీ వీటికే ఇచ్చాం.

ముందుగా ఒక మాట. ఇక్కడ కోడ్‌ని తెలుగు లిపిలో అచ్చు వేస్తున్నాం. ఫర్, ఇన్, ఇఫ్, ఎల్స్, వైల్, డెఫ్, రిటర్న్, ప్రింట్, రేంజ్ లాంటివి పైథాన్ సొంత మాటలు. మీరు వాటిని ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లోనే కొట్టాలి. ట్రూ, ఫాల్స్ రెండింటికీ మాత్రం మొదటి అక్షరం పెద్దది. ‘మొత్తం’, ‘లోడ్లు’ లాంటి వేరియబుల్ పేర్లు (విలువలకి మనం పెట్టుకునే పేర్లు) తెలుగులోనే ఉంచినా పైథాన్ 3 కాదనదు. లైను ముందున్న ఖాళీని ఉన్నది ఉన్నట్టు కొట్టండి, ఒక్కో మెట్టుకి 4 స్పేసులు.

ప్రశ్న: ల్యాబ్ రికార్డులో ఉన్న ప్రోగ్రామే చూసి కొట్టానండి. రన్ చేస్తే ఒక్క ముక్క కూడా ప్రింట్ కాకుండానే ‘ఎక్స్‌పెక్టెడ్ యాన్ ఇండెంటెడ్ బ్లాక్’ అని వస్తోంది. లూపు కంటే ముందున్న రెండు ప్రింట్‌లైనా పనిచేయాలి కదా?
— డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థిని, అమలాపురం

జవాబు: పనిచేయవండి. పైథాన్ ముందు ఫైలంతా చదువుతుంది. అమరిక సరిగ్గా ఉందని తేలాకే మొదటి లైను నడుపుతుంది. ఇండెంటేషన్ (లైను ముందు వదిలే ఖాళీ) తప్పు ఎక్కడో నలభయ్యో లైనులో ఉన్నా మొదటి లైనులోని ప్రింట్ కూడా నోరు విప్పదు.

మీరు పంపిన ముక్క ఇది:

```
దింపులు = [850, 920, 780]
ఫర్ కాయలు ఇన్ దింపులు:
ప్రింట్(కాయలు)
```

కోలన్‌తో ముగిసిన లైను కింద, దానికంటే లోపలికి జరిగిన లైను కనీసం ఒక్కటి ఉండి తీరాలి. ఇక్కడ ప్రింట్ లైను ఫర్‌తో సమానంగా నిలబడింది. దాని ముందు 4 స్పేసులు కొడితే సరిపోతుంది. పైథాన్ 3.10 నుంచి ఈ ఎర్రర్ కొంచెం వివరంగా వస్తోంది: ఎర్రర్ చూపించే లైను ప్రింట్‌ది, వాక్యం చివర ‘ఆఫ్టర్ ఫర్ స్టేట్‌మెంట్ ఆన్ లైన్ 2’ అని ఉండేది ఫర్ లైనుది. రెండు నంబర్లూ చూసుకుంటే వెతుకులాట ఉండదు.

ఫర్ కింద కామెంట్ ఒక్కటే రాసి వదిలేసినా ఇదే ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే కామెంట్ లెక్కలోకి రాదు. లూపు లోపలి పని తర్వాత రాద్దాం అనుకుంటే అక్కడ ‘పాస్’ అని ఒక లైను పెట్టండి.

ప్రశ్న: నా కోడ్ కంటికి బాగానే ఉంది, స్నేహితులకి చూపించినా తప్పేమీ కనపడలేదన్నారు. పైథాన్ మాత్రం ‘అన్‌ఇండెంట్ డజ్ నాట్ మ్యాచ్ ఎనీ ఔటర్ ఇండెంటేషన్ లెవెల్’ అంటోంది. అసలు ఆ వాక్యమే అర్థం కాలేదు.
— ఇంటర్ తర్వాత సొంతంగా నేర్చుకుంటున్న పాఠకుడు, మండపేట

జవాబు: మీరు పంపిన దాంట్లో స్పేసులు లెక్కపెడితే తేలింది:

```
ఫర్ లోడ్ ఇన్ లోడ్లు:
    కిలోలు = లోడ్ * 75
   ప్రింట్(కిలోలు)
```

రెండో లైను ముందు 4 స్పేసులు, మూడో లైను ముందు 3.

దీన్ని గోదావరి రేవు మెట్లలా అనుకోండి. పైకి ఎక్కేటప్పుడు మెట్టు ఎంత ఎత్తయినా ఉండొచ్చు. దిగేటప్పుడు మాత్రం ఉన్న మెట్టు మీదే కాలు పెట్టాలి, రెండు మెట్ల మధ్య గాల్లో కాదు. పైథాన్ లోపల కూడా అలాంటి మెట్ల జాబితా ఒకటి ఉంటుంది. మొదట అందులో 0 ఒక్కటే. ఫర్ కింద 4 స్పేసుల లైను రాగానే 4 చేరింది. ఇప్పుడు 3కి దిగుతున్నారు. జాబితాలో ఉన్నవి 0, 4. మూడు అనే మెట్టు లేదు. ‘బయటి మెట్లలో దేనికీ సరిపోలేదు’ అని అది చెప్పేది ఇదే.

ఇక్కడ పైథాన్ మీ తరఫున ఊహించదు, అదే మంచిది. ఆ ప్రింట్ లూపులో ఉండాలా బయట ఉండాలా అన్నది మీకు తప్ప దానికి తెలియదు. 4కి జరిపితే లోడు లోడుకీ ప్రింట్ అవుతుంది, 0కి జరిపితే ఆఖరి లోడు ఒక్కటే ప్రింట్ అవుతుంది. రెండూ సరైన ప్రోగ్రాములే, పనులే వేరు.

దీనికి తోబుట్టువు ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇండెంట్’. పై లైనులో కోలన్ లేకుండానే కింది లైను లోపలికి జరిగితే అది వస్తుంది. ఫైలులో మొట్టమొదటి లైను ముందు పొరపాటున ఒక్క స్పేసు పడినా వస్తుంది. పుస్తకంలోంచి, మెసేజీలోంచి ఒక ముక్క కాపీ చేసినప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే.

కంటితో కొలవకండి. కర్సర్‌ని లైనులో మొదటి అక్షరం ముందు పెట్టి, కిటికీ అడుగున ఉన్న కాలమ్ నంబరు చూడండి. ఐడిల్‌లో (పైథాన్‌తో పాటే వచ్చే ఎడిటర్) లెక్క 0 నుంచి మొదలవుతుంది కాబట్టి 4 స్పేసుల తర్వాత ‘కాల్ 4’ అని ఉంటుంది. వీఎస్ కోడ్ అనే ఇంకో ఎడిటర్‌లో 1 నుంచి మొదలు, అక్కడ అదే చోటు ‘కాల్ 5’. ఒకే బ్లాకులోని (ఒక కోలన్ కింద లోపలికి జరిగిన లైన్ల గుంపు) లైన్లన్నిటికీ ఒకే నంబరు రావాలి.

ప్రశ్న: కాలేజీ కంప్యూటర్లో రాసిన ఫైలుని ఇంటికి తెచ్చి నోట్‌ప్యాడ్‌లో ఒక లైను చేర్చాను. కాలమ్‌లు కూడా సరిచూశాను. అయినా ఒకసారి ‘ట్యాబ్ ఎర్రర్’ అంటుంది, ఇంకోసారి పై ప్రశ్నలో మండపేట ఆయనకి వచ్చిన ఎర్రరే వస్తుంది. ఒకే తప్పుకి రెండు పేర్లా?
— బీసీఏ విద్యార్థి, భీమవరం

జవాబు: తప్పు ఒకటే: ట్యాబ్, స్పేసు కలిసిపోయాయి. ఏది ముందు వచ్చిందన్నదాన్ని బట్టి ఎర్రర్ పేరు మారుతోంది.

కాలేజీ కంప్యూటర్లోని ఐడిల్‌లో ట్యాబ్ కీ నొక్కితే ఫైలులో పడేది 4 స్పేసులు. విండోస్ నోట్‌ప్యాడ్‌లో అదే కీ నొక్కితే పడేది అసలు ట్యాబ్ అక్షరం. చూడ్డానికి రెండూ ఖాళీయే, ఫైలులో మాత్రం అవి వేరు వేరు అక్షరాలు. పైథాన్ ట్యాబ్‌ని తర్వాత వచ్చే 8 గుణిజం దాకా జరుపుతుంది. అంటే లైను మొదట్లో ఒక ట్యాబ్ ఉంటే అది 8వ కాలమ్.

లూపులో మొదటి లైను 4 స్పేసులు, రెండోది ట్యాబ్ అనుకోండి. 4 నుంచి 8కి ఎక్కినట్టు కనపడుతుంది. కానీ ట్యాబ్ వెడల్పు వేరేగా తీసుకుంటే ఎక్కనట్టే అవుతుంది. అర్థం ట్యాబ్ వెడల్పు మీద ఆధారపడింది కాబట్టి పైథాన్ 3 ఒప్పుకోదు, ట్యాబ్ ఎర్రర్ ఇస్తుంది. తిరగేసి మొదటి లైను ట్యాబ్, రెండోది 4 స్పేసులు అయితే మెట్ల జాబితాలో 0, 8 ఉంటాయి. 4కి దిగితే అక్కడ మెట్టు లేదు, కాబట్టి ‘అన్‌ఇండెంట్ డజ్ నాట్ మ్యాచ్’. మీకు రెండు పేర్లు కనపడింది అందుకే. రెండో ఎర్రర్ వచ్చి, ఎంత లెక్కపెట్టినా తప్పు దొరకలేదంటే ముందు ట్యాబ్‌నే అనుమానించండి.

ఒక ఫైలులో ఒక లూపంతా ట్యాబ్‌లతో, ఇంకో లూపంతా స్పేసులతో ఉంటే పైథాన్ ఏమీ అనదు, నడిపేస్తుంది. ఆ ఫైలుని ఇంకెవరో తెరిచి మధ్యలో ఒక లైను చేర్చిన రోజున బయటపడుతుంది. కాబట్టి ‘ఇప్పుడు నడుస్తోందిగా’ అని వదిలేయొద్దు.

బాగుచేయడానికి లైను లైనూ చెరిపి కొట్టనక్కర్లేదు. ఐడిల్ అయితే కంట్రోల్-ఏ కొట్టి అంతా సెలెక్ట్ చేసి, ఫార్మాట్ మెనూలో ‘అన్‌ట్యాబిఫై రీజియన్’ నొక్కండి. ట్యాబ్‌కి ఎన్ని కాలమ్‌లని అడుగుతుంది, 4 ఇవ్వండి. వీఎస్ కోడ్ అయితే అడుగు పట్టీలో కుడివైపు ‘స్పేసెస్’ అనో ‘ట్యాబ్ సైజ్’ అనో ఉన్న చోట నొక్కి ‘కన్వర్ట్ ఇండెంటేషన్ టు స్పేసెస్’ ఎంచుకోండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అయితే ఎడిట్ మెనూలో ‘బ్లాంక్ ఆపరేషన్స్’ కింద ‘ట్యాబ్ టు స్పేస్’ ఉంటుంది. అంతకుముందు వ్యూ మెనూలోని ‘షో సింబల్’ కింద స్పేసుల్ని, ట్యాబ్‌లని చూపించమంటే స్పేసు చుక్కలా, ట్యాబ్ బాణంలా కనపడతాయి. మార్చిన తర్వాత ప్రతి లూపునీ ఒకసారి కిందిదాకా చూడండి. స్పేసుల సంఖ్య కుదిరినంత మాత్రాన లైను సరైన బ్లాకులో ఉందని కాదు.

ల్యాబ్ చూసుకునే లెక్చరర్లకి ఒక చిట్కా. కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొట్టి, స్పేసు, మైనస్ గుర్తు పక్కన ఎం, ఆ తర్వాత ‘ట్యాబ్‌న్యానీ’, ఆపైన ఫోల్డర్ పేరు ఇస్తే లోపలున్న పైథాన్ ఫైళ్లన్నీ చూసి ట్యాబ్-స్పేసు గందరగోళం ఎక్కడుందో చెబుతుంది. ఏమీ ప్రింట్ చేయకపోతే అంతా బాగున్నట్టే.

నోట్‌ప్యాడ్‌ని మాత్రం పైథాన్‌కి వాడొద్దనే మా సలహా. ఐడిల్ పైథాన్‌తో పాటే వస్తుంది, విడిగా ఏమీ ఎక్కించుకోనక్కర్లేదు.

ప్రశ్న: మిల్లుకి వచ్చిన లోడ్ల బస్తాలు కలిపి కిలోల్లోకి మార్చే చిన్న ప్రోగ్రాం రాశాను. ఎర్రర్ ఏమీ రాదు. మూడు లోడ్లు 120, 95, 140. మొత్తం 355 రావాలి. నాకు 140 వస్తోంది. ఇదే ప్రోగ్రాం మా తమ్ముడు తన పద్ధతిలో రాశాడు, వాడికీ 140 వచ్చింది. ఇద్దరికీ ఒకటే వచ్చింది కాబట్టి పైథాన్‌లోనే ఏదో ఉందంటున్నాడు.
— రైస్ మిల్లు లెక్కలు చూసే పాఠకుడు, తణుకు

జవాబు: పైథాన్‌లో ఏమీ లేదండి. మీ ఇద్దరి తప్పులూ వేరు వేరు, జవాబు ఒకటే పడింది. ఈ నెల వచ్చిన వాటిలో మాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న ఇదే. ఎర్రర్ చూపించే తప్పు తప్పే కాదు, నిమిషంలో దొరుకుతుంది. ఎర్రర్ లేకుండా తప్పు లెక్క చెప్పేదాంతోనే ప్రమాదం.

మీది ఇలా ఉంది:

```
లోడ్లు = [120, 95, 140]
ఫర్ బస్తాలు ఇన్ లోడ్లు:
    మొత్తం = 0
    మొత్తం = మొత్తం + బస్తాలు
ప్రింట్(మొత్తం)
```

లోడు లోడుకీ మొత్తాన్ని సున్నా చేసేస్తున్నారు. 120 కలిపారు, చెరిపేశారు. 95 కలిపారు, చెరిపేశారు. ఆఖరి 140 చెరిపే వాళ్లు లేక మిగిలింది.

మీ తమ్ముడిది ఇలా:

```
లోడ్లు = [120, 95, 140]
మొత్తం = 0
ఫర్ బస్తాలు ఇన్ లోడ్లు:
    ప్రింట్('లోడు', బస్తాలు)
మొత్తం = మొత్తం + బస్తాలు
ప్రింట్(మొత్తం)
```

కలిపే లైనే లూపు బయట పడింది. లూపు అయిపోయాక కూడా ‘బస్తాలు’ అనే పేరు చచ్చిపోదు, ఆఖరి విలువ 140 పట్టుకునే ఉంటుంది. దానికి సున్నా కలిపితే 140. ఇదే ప్రోగ్రాంని లోడ్లేమీ లేని ఖాళీ లిస్టుతో నడిపితే ‘బస్తాలు’ అనే పేరే పుట్టదు కాబట్టి ‘నేమ్ ఎర్రర్’ వస్తుంది. ఒక రోజు మిల్లుకి సరుకు రాలేదనుకోండి, ఆ రోజు బయటపడుతుంది ఈ తప్పు.

రెండింటినీ విడదీసి పట్టుకోవాలంటే లూపు లోపల, అట్టడుగున, తాత్కాలికంగా ఒక ప్రింట్(మొత్తం) పెట్టండి. మీ ప్రోగ్రాం 120, 95, 140 చూపిస్తుంది: కూడిక జరుగుతోంది, నిలవట్లేదు. మీ తమ్ముడిది 0, 0, 0 చూపిస్తుంది: అసలు కూడికే జరగట్లేదు. సరిగ్గా రాసినది 120, 215, 355 చూపించాలి.

ఏ లైను రాసినా ఒక్కటే అడగండి: ఇది లూపుకి ముందు ఒక్కసారి జరగాలా, ప్రతి లోడుకీ జరగాలా, అన్నీ అయ్యాక ఒక్కసారి జరగాలా? సున్నా పెట్టడం ముందు ఒక్కసారి. కూడడం ప్రతి లోడుకీ. కిలోల్లోకి మార్చడం, ప్రింట్ చేయడం ఆఖర్న ఒక్కసారి.

```
లోడ్లు = [120, 95, 140]
మొత్తం = 0
ఫర్ బస్తాలు ఇన్ లోడ్లు:
    మొత్తం = మొత్తం + బస్తాలు
కిలోలు = మొత్తం * 75
ప్రింట్(మొత్తం, 'బస్తాలు', కిలోలు, 'కిలోలు')
```

బస్తాకి 75 కిలోల లెక్కన 355 బస్తాలకి 26,625 కిలోలు, అంటే 266 క్వింటాళ్ల 25 కిలోలు. అసలు లిస్టు పెట్టేముందు ఇలా మూడు అంకెలతో చేత్తో లెక్క కట్టి సరిచూసుకోండి. వంద లోడ్ల లిస్టు పెట్టాక తప్పు పట్టడం మీ వల్ల కాదు, మా వల్లా కాదు.

ప్రశ్న: ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం రీడింగులు ఇస్తే హెచ్చరిక చెప్పే ప్రోగ్రాం ప్రాజెక్టుగా ఇచ్చారు. హెచ్చరికలు బాగానే వస్తున్నాయి. ‘హెచ్చరిక లేదు’ అన్నది మాత్రం తక్కువ రీడింగులప్పుడు రాదు, చివర్లో ఒక్కసారి వస్తుంది. ఎల్స్ రాయకూడని చోట రాశానా?
— పదకొండో తరగతి విద్యార్థి, రాజోలు

జవాబు: సరిగ్గా పట్టుకున్నావు బాబూ. నీ కోడ్ చూడు:

```
రీడింగులు = [10.9, 12.4, 14.1, 9.8]
ఫర్ మట్టం ఇన్ రీడింగులు:
    ఇఫ్ మట్టం >= 17.75:
        ప్రింట్(మట్టం, 'మూడో హెచ్చరిక')
    ఎలిఫ్ మట్టం >= 13.75:
        ప్రింట్(మట్టం, 'రెండో హెచ్చరిక')
    ఎలిఫ్ మట్టం >= 11.75:
        ప్రింట్(మట్టం, 'మొదటి హెచ్చరిక')
ఎల్స్:
    ప్రింట్(మట్టం, 'హెచ్చరిక లేదు')
```

అంకెలు సరైనవే. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులే మూడు ప్రమాద హెచ్చరికలు. పెద్దదాన్ని ముందు అడగడం కూడా మంచి పని. 11.75ని ముందు అడిగి ఉంటే 18 అడుగులు వచ్చినా మొదటి హెచ్చరిక దగ్గరే ఆగిపోయేది.

తేడా ఎల్స్ నిలబడిన చోటుతో వచ్చింది. ఎల్స్ ఏ కాలమ్‌లో ఉంటే, పైన అదే కాలమ్‌లో ఉన్నవాళ్లకి చెందుతుంది. నీ ఎల్స్ ఫర్‌కి సూటిగా కింద ఉంది కాబట్టి ఇఫ్‌ని వదిలి ఫర్‌కి అతుక్కుంది. మిగతా భాషలు చాలావాటిలో ఇది ఎర్రర్ అయ్యేది. పైథాన్‌లో లూపుకి కూడా ఎల్స్ ఉంటుంది: లూపు మధ్యలో బ్రేక్‌తో ఆగకుండా పూర్తయితే అది ఒక్కసారి నడుస్తుంది. నీ లూపులో బ్రేకే లేదు కాబట్టి ప్రతిసారీ చివర్లో నడుస్తుంది. 9.8 ఆఖరి రీడింగు కాబట్టి దాని పక్కన మాట సరిపోయినట్టు కనపడింది, 10.9కి మాత్రం ఏమీ రాలేదు. లిస్టు చివర్లో 14.1 ఉండి ఉంటే ‘14.1 రెండో హెచ్చరిక’ వెనకే ‘14.1 హెచ్చరిక లేదు’ అని వచ్చేది. వరద ప్రోగ్రాంలో ఆ మాట రావడం ఎంత పొరపాటో గోదారి ఒడ్డున చెప్పనక్కర్లేదు.

ఎల్స్‌నీ దాని కింది ప్రింట్‌నీ రెండు లైన్లు కలిపి సెలెక్ట్ చేసి ఒక మెట్టు లోపలికి జరుపు. ఐడిల్‌లో కంట్రోల్ పట్టుకుని కుడి చదరపు బ్రాకెట్ నొక్కితే లోపలికి, ఎడమది నొక్కితే బయటికి. ఎల్స్ ఒక్కదాన్నే జరిపితే అమలాపురం అమ్మాయికి వచ్చిన ఎర్రర్ నీకూ వస్తుంది.

ఎలిఫ్‌ని ఇలా ఫర్ కిందికి జారిస్తే మాత్రం పైథాన్ వెంటనే ‘ఇన్‌వాలిడ్ సింటాక్స్’ అంటుంది, ఎందుకంటే లూపుకి ఎలిఫ్ ఉండదు. మోసం చేసేది ఎల్స్ ఒక్కటే.

ప్రశ్న: మా చెరువుల డీఓ (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్) రీడింగులు చూసి అన్నీ బాగున్నాయో లేదో చెప్పే ఫంక్షన్ రాశాను. మూడో చెరువులో 3.1 ఉన్నా ‘ట్రూ’ అంటోంది. ఇఫ్ షరతు పదిసార్లు చూసుకున్నా, తప్పేమీ లేదు.
— బీటెక్ విద్యార్థిని, ఆకివీడు

జవాబు: షరతులో తప్పు లేదమ్మా. మీ ఫంక్షన్ మూడో చెరువు దాకా వెళ్లనే లేదు.

```
డెఫ్ అన్నీ_బాగున్నాయా(రీడింగులు):
    ఫర్ డీఓ ఇన్ రీడింగులు:
        ఇఫ్ డీఓ < 4:
            రిటర్న్ ఫాల్స్
        రిటర్న్ ట్రూ
```

లిస్టు [5.2, 4.6, 3.1, 5.0]. మొదటి చెరువు 5.2. నాలుగు కంటే తక్కువ కాదు, కాబట్టి ఇఫ్ లోపలికి పోలేదు. తర్వాతి లైను రిటర్న్ ట్రూ. రిటర్న్ అంటే ఫంక్షన్ నుంచే బయటికి. ఒక్క చెరువు చూసి ఊరంతా బాగుందని చెప్పేసింది.

‘బాగాలేదు’ అనడానికి ఒక్క చెరువు చాలు, ‘అన్నీ బాగున్నాయి’ అనడానికి మాత్రం ఆఖరి దాకా చూడాలి. అందుకని రిటర్న్ ఫాల్స్ ఇఫ్ లోపల, రిటర్న్ ట్రూ లూపు బయట ఉండాలి. అంటే ఫర్ ఉన్న కాలమ్‌కే, 4 స్పేసులకి:

```
డెఫ్ అన్నీ_బాగున్నాయా(రీడింగులు):
    ఫర్ డీఓ ఇన్ రీడింగులు:
        ఇఫ్ డీఓ < 4:
            రిటర్న్ ఫాల్స్
    రిటర్న్ ట్రూ
```

ఇంకో మెట్టు ఎక్కువ దిగి 0కి తెస్తే ‘రిటర్న్ ఔట్‌సైడ్ ఫంక్షన్’ అని ఎర్రర్ వస్తుంది, భయపడక్కర్లేదు, ఒక మెట్టు వెనక్కి జరపండి. రిటర్న్ ట్రూని మరిచిపోతే ఎర్రర్ రాదు గానీ, అన్నీ బాగున్నప్పుడు ఫంక్షన్ ‘నన్’ ఇస్తుంది. ఇఫ్‌లో పెడితే నన్ కూడా ఫాల్స్ లాగే నడుస్తుంది కాబట్టి, అన్ని చెరువులూ బాగున్నా ఏరియేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) వేయమని చెప్పే ప్రోగ్రాం తయారవుతుంది.

ఇలాంటి ఫంక్షన్‌కి పరీక్ష ఒక్కసారి చాలదు. చెడ్డ రీడింగుని ఒకసారి మొదట, ఒకసారి మధ్యలో, ఒకసారి ఆఖర్న పెట్టి మూడుసార్లు నడపండి. మీ పాత ఫంక్షన్ మొదటి పరీక్షలో నెగ్గి, మిగతా రెండింట్లో దొరికిపోయేది. అన్నీ బాగున్న లిస్టుతో నాలుగోసారి. తెల్లవారుజామున డీఓ బాగా పడిపోతుందని మీకు తెలిసిందే, ఆ వేళ రీడింగులతో చూస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: వైల్ లూపు ఆగట్లేదు. స్క్రీన్ నిండా ఒకటే అంకె పరుగెడుతోంది. కంప్యూటర్ ఆపేయడం తప్ప దారి లేదా?
— పాఠకురాలు, నరసాపురం

జవాబు: కంట్రోల్-సీ నొక్కండి. ఐడిల్‌లో అది వినకపోతే షెల్ మెనూలో ‘రీస్టార్ట్ షెల్’ ఉంటుంది. కంప్యూటర్ జోలికి పోనక్కర్లేదు.

```
రోజు = 1
వైల్ రోజు <= 7:
    ప్రింట్(రోజు)
రోజు = రోజు + 1
```

రోజుని పెంచే లైను లూపు బయట ఉంది. లూపు అయితేనే దాని వంతు వస్తుంది, అది నడిస్తేనే లూపు అవుతుంది. 4 స్పేసులు లోపలికి జరపండి.

జరిపాక కూడా ఆగకపోతే లోపల ‘కంటిన్యూ’ ఉందేమో చూడండి. ఆదివారం వదిలేద్దామని ఇఫ్ కింద కంటిన్యూ పెట్టి, రోజుని పెంచే లైను దానికంటే కింద ఉంటే, ఆదివారం దగ్గర అది పెరగకుండానే పైకి పోతుంది. అక్కడే తిరుగుతుంది. అంకెలు స్క్రీన్ మీద పరుగెత్తకుండా కర్సర్ ఊరికే మెరుస్తూ ఉండిపోతే సాధారణంగా ఇదే కారణం. ఎన్నిసార్లు తిరగాలో ముందే తెలిసినప్పుడు వైల్ ఎందుకు? ఫర్, రేంజ్ వాడితే పెంచే లైనే ఉండదు, జారిపోయే ప్రమాదమూ ఉండదు.

ప్రశ్న: నక్షత్రాల త్రిభుజం ప్రోగ్రాంలో ఖాళీ ప్రింట్ ఎక్కడ పెట్టాలో ప్రతి పరీక్షకీ మరిచిపోతాం. గుర్తుపెట్టుకునే దారి చెప్పండి.
— పాలిటెక్నిక్ విద్యార్థులు, పాలకొల్లు

జవాబు: గుర్తుపెట్టుకోవద్దు, అడగండి: కొత్త లైనుకి ఎప్పుడు పోవాలి? ఒక వరస అయిపోయాక. వరసల లూపు బయటిది, కాబట్టి ఖాళీ ప్రింట్ బయటి లూపులో, లోపలి లూపు తర్వాత.

```
ఫర్ వరస ఇన్ రేంజ్(1, 5):
    ఫర్ చుక్క ఇన్ రేంజ్(వరస):
        ప్రింట్('*', ఎండ్=' ')
    ప్రింట్()
```

ఖాళీ ప్రింట్‌ని 8 స్పేసులకి తోస్తే చుక్క చుక్కకీ లైను మారి పది లైన్లు నిలువుగా పడతాయి. 0కి లాగితే పది చుక్కలూ ఒకే లైనులో వరసగా పడతాయి. పరీక్ష హాల్లో ఔట్‌పుట్ చూడగానే ఎటు జరపాలో దీన్నిబట్టే తెలుస్తుంది: నిలువుగా పడితే ఎడమకి, అడ్డంగా పడితే కుడికి. పేపరు మీద రాసే పరీక్షయితే మెట్టుకొక సన్నని నిలువు గీత పెన్సిల్‌తో గీసుకుని రాయండి. దిద్దేవాళ్లకి కూడా అనుమానం మిగలదు.

ప్రశ్న: ఫోన్‌లో పైథాన్ నేర్చుకుంటున్నాను. గ్రూపులో పెట్టిన కోడ్ కాపీ చేస్తే లైన్లన్నీ ఎడమకి అతుక్కుపోతున్నాయి. కొన్నిసార్లు అమరిక బాగున్నా ‘ఇన్‌వాలిడ్ నాన్-ప్రింటబుల్ క్యారెక్టర్’ అంటుంది. వీటిని తనంతట తనే సరిచేసే యాప్ ఏదైనా ఉందా?
— పాఠకుడు, యానాం

జవాబు: మొదటిదానికి లేదు, ఉండదు కూడా. తణుకు అన్నదమ్ముల ప్రోగ్రాములు చూశారుగా: అవే లైన్లు, ఖాళీలు మారితే పని మారింది. ఖాళీ పోయిందంటే రాసినవాళ్ల ఉద్దేశంలో సగం పోయినట్టే. ‘బ్లాక్’ (ఇది నలుపు అనే అర్థంలో పెట్టిన పేరు, కోడ్ బ్లాకు కాదు) లాంటి ఫార్మాటర్లు ఉన్నాయి గానీ అవి సరైన కోడ్‌ని అందంగా చేస్తాయి, చదవడానికే వీలుకాని ఫైలుని ముట్టుకోవు. కోలన్ ఉన్న ప్రతి లైను దగ్గరా ఆగి, దాని కింద ఎన్ని లైన్లు లోపలివో మీరే తేల్చుకోవాలి. లేదా పంపినవాళ్లని కోడ్‌ని మెసేజీగా కాకుండా ఫైలుగా పంపమనండి. పీడీఎఫ్‌లోంచి కాపీ చేసినా ఇదే బాధ.

రెండోది వేరే సంగతి. స్పేసులా కనపడుతూ స్పేసు కాని అక్షరం వచ్చి చేరింది. ఎర్రర్‌లో యూ, ప్లస్ గుర్తు, తర్వాత ‘00ఏ0’ అని ఉంటే అది వెబ్ పేజీల్లో వాడే విడిపోని స్పేసు. అలాంటిదాన్ని ఒకటి కాపీ చేసి, ‘ఫైండ్ అండ్ రీప్లేస్’లో పైన పేస్ట్ చేసి, కింద మామూలు స్పేసు కొట్టి, అన్నీ మార్చేయండి. యూ ప్లస్ ‘200సీ’ అని ఉంటే అది తెలుగులో పొల్లు తర్వాత అక్షరాలు కలవకుండా కీబోర్డు వేసే కనపడని గుర్తు. కోట్స్ మధ్య అది ఉన్నా ఫర్వాలేదు, వేరియబుల్ పేరులో కుదరదు. అందుకే ఈ పేజీల్లో అలాంటి గుర్తు అవసరమయ్యే పేర్లు ఎక్కడా వాడలేదు.

చిన్న ప్రశ్నలు

*రెండు స్పేసులతో రాస్తే తప్పా?* (రావులపాలెం) తప్పు కాదు. పైథాన్‌కి కావాల్సింది ఒక బ్లాకులో ఒకే కొలత. 4 అన్నది పెప్ 8 అనే శైలి నియమావళిలోది, అందరూ పాటిస్తారు, మీరూ పాటిస్తే కాపీ చేసిన ముక్కలు అతుకుతాయి.

*సీ భాషలోలా మీసాల బ్రాకెట్లు పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు కదా?* (కొత్తపేట) ఈ పద్ధతి ఏబీసీ అనే పాత బోధనా భాష నుంచి వచ్చింది. పైథాన్‌ని తయారు చేసిన గైడో వాన్ రోసమ్ అంతకుముందు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ భాష మీద పనిచేశారు. 1991లో మొదటిసారి విడుదలైనప్పటి నుంచీ పైథాన్ ఇలాగే ఉంది. ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లున్న ఫ్యూచర్ అనే మాడ్యూల్ నుంచి ‘బ్రేసెస్’ని ఇంపోర్ట్ చేసి చూడండి, ‘నాట్ ఎ ఛాన్స్’ అని ఎర్రర్ ఇస్తుంది. అది కావాలని పెట్టిన చమత్కారమే.

*పొడుగు లిస్టుని నాలుగు లైన్లలో రాస్తే ఇండెంటేషన్ పాటించాలా?* (ముమ్మిడివరం) బ్రాకెట్ తెరిచి మూసేదాకా పైథాన్ ఖాళీలని పట్టించుకోదు. బ్రాకెట్ మూయడం మరిచిపోతే మాత్రం పాత వెర్షన్లు కింది లైనుని తప్పు పడతాయి. ఏ తప్పూ లేని లైను మీద ఎర్రర్ వస్తే పై లైను బ్రాకెట్లు లెక్కపెట్టండి.

*మూడు బాణం గుర్తుల ప్రాంప్ట్ దగ్గర లూపు రాస్తే ఎంటర్ కొట్టినా నడవదేం?* (పెనుగొండ) లూపు అయిపోయిందని దానికి తెలియాలి కదండి. మూడు చుక్కలు కనపడుతున్నంతసేపూ ఇంకా లోపలే ఉన్నట్టు. ఖాళీ లైను మీద ఇంకోసారి ఎంటర్ కొట్టండి. ఇదే కారణంగా, మధ్యలో ఖాళీ లైనున్న లూపుని పాత ప్రాంప్ట్‌లో పేస్ట్ చేస్తే ఆ ఖాళీ దగ్గరే లూపు ముగిసిపోయి, మిగిలిన లైన్లకి ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇండెంట్’ వస్తుంది. ఫైలులో అయితే ఖాళీ లైన్లతో ఏ ఇబ్బందీ లేదు. 3.13 వెర్షన్‌లో ప్రాంప్ట్‌ని కొత్తగా రాశారు, పేస్ట్ చేయడానికి అందులో ఎఫ్3 కీ ఉంది. అంతకంటే పాతదైతే లూపులన్నీ ఫైలులో రాసి, ఐడిల్‌లో ఎఫ్5 కొట్టి నడుపుకోండి.